నాలుగు ఇస్పేట్ల మావయ్య

ఏంటే అమ్మడూ, మళ్ళీ ముక్కలు పట్టుకొచ్చావ్? గేమ్ ఎప్పుడు పాడాలో తేలట్లేదా? కూచో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. బ్రిడ్జ్ అంటే ముందు వేలంపాట, తర్వాతే ఆట. ఇస్పేట్లు తురుపుగా నాలుగు అని పాడావనుకో, ఎలాగూ తేవాల్సిన ఆరుకి ఆ నాలుగూ కలిపి, పదమూడు పట్లలో పది నావే అని నలుగురి ముందూ మాటిచ్చినట్టు. అదే గేమ్. పుస్తకాలవాళ్ళు ఏమంటారు, నీవీ నీ ఎదురుగా కూచున్న జతగాడివీ కలిపి, ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి లెక్కన ఇరవై ఆరు పాయింట్లుంటే పాడెయ్యమంటారు. సరే, ఇరవై ఆరుంటే ఎవడైనా పాడతాడు. ఇరవై నాలుగూ, ఇరవై అయిదూ దగ్గరే ఉంది చావంతా. మా గడియారాల బావ అనేవాడు, "అక్కడ నీ ముక్కల్నే అడగరా, నా మొహాన్ని అడక్కు" అని. బావంటే చుట్టరికం ఏం లేదులే, పిలుపు వరస. గడియారాలు బాగుచేసేవాడు. అగ్గిపెట్టంత కొట్టు, గోడనిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చూపించేవి కావు. ఇదేంటి బావా అంటే, "బాగైనవి జనం పట్టుకుపోతారు, మిగిలినవే కదరా గోడమీదుండేవి" అనేవాడు. పదకొండేళ్ళు నాకు జత. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, రీడింగ్ రూమ్ మేడమీద. కొట్టు ఎప్పుడైనా ఆలస్యంగా తెరిచాడేమో గానీ ఆటకి మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఆ ఏడు కప్పు కోసం ఆఖరి పంపకం. మా ఇద్దరికీ ఇటూ అటూ ప్లీడరూ, ఆయన బామ్మర్దీ. వాళ్ళే ముందున్నారు. గేమ్ పాడి నిలబెట్టుకుంటే కప్పు మాది, లేకపోతే వాళ్ళది. నాకు పదహారు పాయింట్లు. ఒక ఇస్పేటు అన్నాను. ఇప్పుడు బావ రెండు అన్నాడంటే, ఆయన దగ్గర ఆరు నించి తొమ్మిది దాకా ఏవైనా ఉండొచ్చు. ఆరైతే అక్కడితో ఆగాలి, తొమ్మిదైతే గేమ్. బావ చప్పున చెప్పడే. ముక్కలు కిటికీవైపు తిప్పుతాడు, మళ్ళీ మొహం దగ్గరికి తెచ్చుకుంటాడు. నువ్వు ఈలోగా వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చేదానివి. చివరికి రెండు ఇస్పేట్లన్నాడు. అంతసేపు ఆలోచించాడంటే బలం ఉన్నట్టే కదా. మూడు అని మళ్ళీ ఆయన్నే అడిగి ఉండొచ్చు. అడగలేదు, నాలుగు పాడేశాను. అదే నా తప్పు. జతగాడు తటపటాయించాడని తెలిసినా తెలియనట్టే ఉండాలి, నీ ముక్కలు చూసే పాడాలి. లేకపోతే అది దొంగతనమే. పాడినవాడి జతగాడు ముక్కలు బల్లమీద పరిచెయ్యాలిగా, బావ పరిచాడు, సరిగ్గా తొమ్మిది పాయింట్లు. పది పట్లూ వచ్చాయి.

ప్లీడరు ఊరుకుంటాడా. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమయ్యా, నీ ముక్కలు చూసి పాడావా, గడియారాలాయన ఎన్ని నిమిషాలు తీసుకున్నాడో చూసి పాడావా?" అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. లేచి చెప్పులేసుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఫోటోకి కూడా ఉండలేదు. ఆ తర్వాత ఆదివారం రాలేదు, ఇంకెప్పుడూ రాలేదు. నా దొంగబుద్ధి చూసి అసహ్యించుకున్నాడనుకున్నాను. వెళ్ళి అడగొచ్చుగా అంటావ్. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆ కొట్టు వస్తుంటే ఎదురు పేవ్‌మెంటు ఎక్కేవాణ్ణి. ఆర్నెల్లకి కొట్టు ఎత్తేసి కూతురి ఊరు వెళ్ళిపోయాడు, రెండేళ్ళకి పోయాడని కబురొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళపాటు ఆ కప్పుని బీరువాలో వెనక్కి తిప్పే పెట్టాను. మీ నానమ్మ దాన్లో బటన్లు వేసుకునేది.

మొన్న గురువారం కళ్ళడాక్టరు దగ్గర, చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూచున్నా. కాంపౌండరుతో ఏదో అంటున్నాను, పక్క కుర్చీలోంచి ఒకావిడ, "మీరు నాలుగు ఇస్పేట్ల మావయ్య కదూ?" అంది. ఆవిడ కళ్ళలోనూ చుక్కలే, నా గొంతు పట్టి పోల్చుకుంది. బావ కూతురు. వాళ్ళింట్లో నన్ను అలాగే అనేవారట. మీ నాన్న నన్నేమనేవాడమ్మా అని అడిగేశాను. "ఏమంటారు మావయ్యా, మా ఊరొచ్చేశాక వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చేతిలో ఉన్నవి ఇస్పేట్లో కళావర్లో తేలక నేను చెమటలు కక్కుతున్నా, మావాడు మాత్రం కళ్ళారా చూసినట్టు పాడేశాడు అని" అంది. అప్పటికే ఆయనకి కళ్ళు ఆనట్లేదే, అమ్మడూ. బలం చూసుకోవడానికి కాదు ఆ తిప్పడం, రెండు రకాల నల్లముక్కల్లో ఏది ఏదో పోల్చుకోవడానికి. గడియారాలు బాగుచేసేవాడికి చూపు పోతోందని తెలిస్తే ఎవరిస్తారు గడియారం? కొట్టున్నన్నాళ్ళూ పెళ్ళానికి కూడా చెప్పలేదట. ఒక ముక్కకి ఇంకోటి వేసి ఎప్పుడో నా పరువు తీస్తానేమోనని, గెలిచిన రోజునే మానేశాడట.

దొంగబుద్ధి పుట్టినమాట నిజమే, కాదనను. కానీ బావ నన్ను వదిలేసి వెళ్ళలేదు. అది చాలు నాకు. ఇంటికొచ్చి కప్పులో బటన్లన్నీ మంచంమీద పోసి, చింతపండేసి తోమాను. ఒక్కమాట చెప్పి ఉంటే ముక్కలు నేనే చదివి పెట్టేవాణ్ణి కదా, పిచ్చి బావ.

సరే, పంచు. కాస్త మెల్లగా. అమ్మడూ, ఇదిగో ఈ చివరిది, ఇస్పేటా, కళావరా?