హీటరుకు అడ్డం పెట్టిన పలకబిళ్ళ

“తాతా, నీ పానాల పెట్టెలో ఈ గుండ్రటి పలకబిళ్ళ ఏంది?” అని అడిగినావు కదా తల్లీ. చెప్తా. కానీ నా జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మవద్దు. ఆ కారు ఎర్రదో, ముదురు పచ్చదో కూడా ఇప్పుడు ఖాయంగా చెప్పలేను. ఎర్రదనే అనుకుంటా. కాదు, కారు పచ్చదే, సీట్లు ఎర్రవి. పోనీలే.

కర్నూలు మనకు జిల్లా కేంద్రమూ, కొత్త రాష్ట్రానికి రాజధానీ అయి ఉన్న రోజులు. మార్కాపురంలో పలకల కార్ఖానా నడిపే రంగయ్యశెట్టిగారు మద్రాసు పోయి, దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొనుక్కొచ్చినాడు. పందేల్లో పరిగెత్తే రకం. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఊళ్ళో లారీలూ బస్సులూ బాగుచేసేవాణ్ణి నేనే కాబట్టి నా దగ్గరికే వచ్చింది.

దాని జబ్బేందంటే, హీటరు ఆగదు. చలిదేశపు కారు కదా, ఇంజనులో కాగిన నీళ్ళు ఒక కుళాయి గుండా లోపలికి పోతే కాళ్ళ దగ్గర వేడిగాలి కొడుతుంది. డ్యాష్‌బోర్డు మీద పిడి లాగితే కుళాయి తెరుచుకోవాలి, నెడితే మూసుకోవాలి. అది తెరిచిన చోటనే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పిడి ఊరికే ఆడుతుంది. వైశాఖమాసం, మన ఎండలు నీకు తెలుసు గదా.

“కాశయ్యా, కాళ్ళు ఉడికిపోతున్నాయిరా! నేను కొన్నది కారా, కుంపటా?” అన్నాడు శెట్టిగారు. నవ్వుతూనే ఇంకో మాటన్నాడు: “తీసిపారెయ్యొద్దు. వద్దన్నప్పుడు ఆగాలి, కావాలన్నప్పుడు రావాలి.”

ఒక పూటంతా కుస్తీపట్టినా కుళాయి కదల్లేదు. మార్కాపురంలో వేడి ఎవడికి కావాలి అనుకున్నా. మన ఊళ్ళో బల్ల ఊగినా, తలుపు నిలవకపోయినా పలకముక్కే కదా పెట్టేది? నేనూ అట్లనే చేసినా. పల్చటి పలకను బిళ్ళగా అరగదీసి, కుళాయి కింద నీళ్ళదారికి అడ్డంపెట్టి బిగించినా. పిడి నెట్టి, వేడి రావడం లేదని చూపించినా. లాగి చూపించలేదు. “బాగైంది శెట్టిగారూ” అన్నా.

ఆ ఏడే పుష్యమాసంలో మా అమ్మకు, అంటే మీ నాయనకు అవ్వ, ఆమెకు నెమ్ము చేసింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆ పూట రైలు పోయింది. శెట్టిగారు అడక్కముందే, తెల్లవారుతుండగా కారు తెచ్చి వాకిట్లో నిలిపినాడు. రెండే సీట్లు కాబట్టి నేను వెనక బస్సులో పోవాలి. అమ్మకు గొంగళి కప్పబోతే శెట్టిగారు, “ఎందుకురా బరువు? హీటరుంది గదా” అన్నాడు. అమ్మ దగ్గుతూనే, “నా కొడుకు బాగుచేసిందే గదా శెట్టీ” అని చుట్టూ ఉన్న నలుగురికీ వినబడేట్టు చెప్పింది.  గొంగళి మాత్రం బలవంతంగా కప్పినా.

గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కేసరికి మంచు. టాపు సందుల్లోంచి గాలి కోస్తా ఉంది. శెట్టిగారు పిడి లాగినాడు, నెట్టినాడు, మళ్ళీ లాగినాడు. “ఉండవ్వా, ఇప్పుడొస్తది” అంటానే పోయినాడట. చివరికి తన కోటు విప్పి కప్పినాడు. మూడో రోజు అమ్మ పోయింది. జబ్బు ముదిరింది అన్నారు డాక్టర్లు. చలి సంగతి వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

పెద్దకర్మ అయినాక ఆ కుళాయి విప్పినా. రెండు రోజులు కిరసనాయిలులో నానబెడితే కదిలింది తల్లీ. రెండు రోజులే! పిడి నుంచి కుళాయికి పోయే పాత తీగ తీసి సైకిలు బ్రేకు తీగ వేసి, శెట్టిగారిని పిడి లాగమన్నా. వేడిగాలి వచ్చింది. ఆయన పిడి పట్టుకునే ఏడ్చినాడు. “ఆ రోజు నాకు లాగడం చేతకాలేదురా కాశయ్యా. చేతకాక మీ అమ్మను వణికించినా.”

బిళ్ళ అప్పుడు నా జేబులోనే ఉంది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ మాటే అనుకుంటా బతికినాడు. అననిచ్చినా.

నా జ్ఞాపకాన్ని నమ్మవద్దన్నా కదా, అది కారు రంగు మటుకే. ఆసుపత్రిలో అమ్మ నా చెయ్యి పట్టుకొని, “ఆ యంత్రం నువ్వు నిజంగానే బాగుచేసినావా నాయనా?” అని అడిగింది. నేనేం చెప్పినానో మరిచిపోలేదు తల్లీ. కావాలనే నీకు చెప్పకుండా వదిలేసినా.

బిళ్ళను మళ్ళీ పెట్టెలో పెట్టు. పొద్దున్నే బస్సెక్కుతావు కదా, శాలువా మరవద్దు...