ఎనిమిదో పలక

పోలీసు చర్య జరిగి అయిదు నెలలు దాటింది. ఆ గడబిడలో ఇల్లు దాటిన చాంద్‌పాషా జాడ ఇంతవరకు లేదు. హుసేన్‌సాగర్ ఒడ్డున, అతను ఏళ్ల తరబడి చూసుకున్న, యజమాని సాబ్ పాత తెరచాప పడవ పక్కన, వడ్రంగి బ్రహ్మచారి ఎనిమిది టేకు పలకలు పరిచాడు. చాంద్‌పాషా భార్య ఖాసింబీ వాటిని చూడకుండా నీళ్లనే చూస్తోంది.

"పగిలినయన్నీ బాగుచేసిన చెల్లె. కానీ పడవ లోపట కాళ్ల కింద ఏది యాడ కూసుంటదో సమజైతలేదు. నీ పెనిమిటి ఒక్క నంబరు సుత రాయలే. గడుసోడు!"

"రాస్తే మళ్ల ఆయన్ను ఎవరు పిలుస్తరన్నా?"

"ఏటా ఈ పలకలు ఊడదీసి ఇంటికి తెస్తే నూనె రుద్దింది నువ్వే గద. జెర చెప్పరాదు?"

"నాకేం తెల్వది."

"ఎల్లుండికి కాకుంటే పడవను కట్టెలకు అమ్ముతా అంటున్నడు సాబ్."

ఖాసింబీ చటుక్కున తిరిగింది. పడవే లేకపోతే ఆయన ఏ పనికి తిరిగొస్తాడు? మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూసుకుని ఒక్కో పలకనూ అరచేత్తో తడిమింది.

"ఈ ముడి ఉన్నది ముందటికి. ఇది దాని పక్కకు..."

ఏడు చెప్పి ఆగింది.

"ఎనిమిదోది?"

"అది పెట్టకు."

"ఏడు పెట్టినంక మిగిలిన జాగా నాకు కనబడదా, పిచ్చిదానా?"

"కనబడుతది. అయినా పెట్టకన్నా."

బ్రహ్మచారి ఆ పలకను పక్కకు జరిపాడు.

"సాబ్ అడిగితే ఏం చెప్పాలె?"

"పెట్టేటాయన ఊరికి పోయిండని చెప్పు."