లారీ మూతికి బండిచక్రం పట్టా

పెద్ద యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక లారీలు బొగ్గు గ్యాసుతోని నడుస్తున్న కాలం. వనపర్తిల ఈరమ్మ చాయ్ కొట్టు ముందల, డ్రైవర్ జమ్మన్న బల్ల మీద కూసున్నడంటే ఇంకెవ్వరి మాటా సాగదు. ఆ పొద్దు గోపాల్‌పేట రైతు రాజన్న, నేత పని చేసే యాదయ్య ఆయన పక్కకు చేరిండ్రు.

"ఏం జమ్మన్నా, నీ లారీ మూలకు వడ్డదన్నరు, మల్ల నడుస్తున్నదేంది?" అన్నడు రాజన్న.

"ఏం లేదే, చిన్న పని. లారీ మూతికి రేడేటర్ ఉంటది గదా, గా నీళ్ళ డబ్బా, దాన్ని కిందికెల్లి మోసే ఇనుప చట్రం తుప్పు వట్టి అప్పడం లెక్కయింది, ఏలు వెడితే ఇరుగుతది. కొత్తది తెద్దమంటే సామాను రాదాయె. రాయచూర్ మేస్త్రి చూసి, 'దీని పని అయిపోయింది, పాతినుముకు అమ్ముకోండ్రి' అన్నడు. మా సావుకారి బాలకిష్టయ్య కూడ తలకాయ ఊపిండు. ఆడ గద్వాల నేతోళ్ళకు నెల సంది నూలు లేదు, మగ్గాలు పండుకున్నయ్, నూలు మూటలేమో ఈడ వడి ఉన్నయ్, కొంటవోయే బండి ఇదొక్కటే. 'అమ్ముడు గిమ్ముడు లేదు సావుకారీ, మూడు దినాలియ్యి, మా వాకిట్లనే బాగుజేస్త, చేయకుంటే నన్ను గూడ ఇనుముల ఏసి అమ్ము' అన్న. ఆయన మొఖం మీదనే నిలవడి అన్న!"

"నిలవడే అన్నవా?" అన్నడు యాదయ్య.

"నిలవడే! కూసోని అంటే అది బతిమిలాడినట్టయితది. ఇను. లారీని వాకిట్ల వెట్టి, నీళ్ళిడిసి, పైపులిప్పి, రేడేటర్‌ను ఒంటి చేత్తోని లేపి పక్కకు వెట్టిన."

"ఇద్దరు వట్టినా లేవదు గదనే!"

"రెండో చేతిల చాయ్ ఉండె, ఏం జెయ్యమంటవ్? పాత చట్రాన్ని ఊదితే రాలిపోయింది. కొత్తదానికి ఇనుము ఏడిది? మా ఎడ్లబండి చక్రం మీది ఇనుప పట్టా ఊడవీకిన, వాకిట్లనే కొలిమి వెట్టి ఎర్రగ కాల్చి, ఒక్క దెబ్బ కొట్టిన. వంకర పట్టా కొలబద్ద లెక్క సాఫయింది. ఆ దెబ్బ చప్పుడు ఎందాక పోయిందో ఎరికేనా? ఖిల్లా ఘణపూర్ కొండ మీద కోటగోడ జానెడు పక్కకు జరిగింది. తెలకపల్లిల బర్రెలు రెండు దినాలు పాలియ్యలే."

"మా అత్తగారిది తెలకపల్లే, ఎవ్వరు చెప్పలేదే?" అన్నడు రాజన్న.

"ఎందుకు పాలిస్తలెమో బర్రెలు చెప్తయా మరి? రివెట్లు కొడుదామంటే పట్కారు కనవడలే. పరేషాన్ గాలే నేను. నిప్పు లెక్క ఉన్న రివెట్టును పండ్లతోని వట్టి బిగిచ్చిన."

"మూతి కాలలేదా?"

"నాకేమయితదే, రివెట్టే సల్లవడ్డది! ఇగ మూడో దినం పొద్దుగాల నూలు మూటలు ఏసుకొని ఎల్లిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కృష్ణ ఒడ్లు ఒరుసుకొని పారుతున్నది. పడవలోళ్ళు చేతులెత్తి, 'ఇయ్యాల ఏరు దాటనియ్యదు, మర్లిపో' అన్నరు. జమ్మన్నను మర్లిపొమ్మంటరా? మేస్త్రి మాటనే ఇననోన్ని, ఏటి మాటింటనా? లారీని ఏట్లకు ఇడిసిన! నడిమిట్ల మొసండ్లు వచ్చినయ్, ఒక్కోటి తాటిచెట్టంత. వచ్చి నా చట్రాన్ని కొరికినయ్. కొరికిన పండ్లు కొరికినట్టే ఊడినయ్. ఆ సిగ్గుకు నాలుగు మొసండ్లు నాలుగు టైర్ల కింద దూరి, లారీని వీపుల మీద ఏసుకొని అవతలి ఒడ్డుకు చేర్చినయ్. ఒక్క నూలు పోగు తడ్వలే! నమ్మకుంటే పోయి మొసండ్ల నోర్లు తెరిచి చూడుండ్రి!"

ఈరమ్మ చాయ్ వడపోసుడు ఆపింది. ఆమె ఇల్లు జమ్మన్న ఇంటికి గోడ అవతలే.

"నోరు తెర్వాల్సింది మొసండ్లు గావు జమ్మన్నా, నేను. గోడ మీదికెల్లి అంత చూసిన. కమ్మరి పని జేసే తండ్రి కాడికెల్లి కొలిమి తిత్తి, సుత్తె తెచ్చింది నీ పెండ్లాం అంజమ్మ. పట్టా సాగగొట్టింది ఆమె, దానికి బొక్కలు పొడిసింది ఆమె, రివెట్లు బిగిచ్చింది ఆమె. రెండు దినాలు తిండి మీద ధ్యాస లేదు పిల్లకు. నువ్వు బొగ్గుగ్యాసు పీపా పేలుతదని మా కొట్టంల బర్రె ఎనుక కూసున్నవ్. ఏరు తగ్గినంక నూలు మూటలు పడవ మీదనే దాటినయ్, నీ లారీ ఈవలి ఒడ్డు దాటనే లేదు, పడవలోళ్ళే ఈడ చాయ్ తాగుకుంట చెప్పిండ్రు. ఆమె చేతుల బొబ్బలు ఇంక మానలే, నిన్న నేనే నూనె రాసిన."

రాజన్న, యాదయ్య నవ్విండ్రు. జమ్మన్న చాయ్ ఒక గుక్క తాగి, తల ఎత్తిండు.

"కొట్టింది ఆమెనే. అయితేంది? మేస్త్రి కాదన్న పని, సావుకారి వద్దన్న పని, మా వాకిట్ల అయిందా లేదా? రాయచూర్ దాక ఎతుకు, గసుంటి మనిషి దొరుకుతదా? పెండ్లాం ఎవరిదే?"

"నీదే," అన్నది ఈరమ్మ. "గా మాట ఆమెకు ఒక్కపారన్న చెప్పినవా?"

జమ్మన్న లేసిండు. సగం తాగిన చాయ్ బల్ల మీద వెట్టి ఇంటి తొవ్వ వట్టిండు.