మూడో శీల

హలో… ఆ, నేనే. మీ నాన్నని… ఎక్కడికీ పోలేదు. మన వడ్రంగి కొట్టు తలుపుకి ఇవతలే కూర్చున్నా…

ఎవరూ లేరురా పెద్దోడా. నిన్ను చంపడానికి ఎవరొస్తారు…

ఆ గొంతులా?… ఏమంటున్నాయి?… నేను విషం పెట్టానంటున్నాయా. అననీ. వాటి మాట విన్నావుగా, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నాది కూడా ఒకటి విను—

కొట్టకు!… బాడిసె చెక్కలోంచి ఇవతలికొచ్చింది. వేలెడు దూరంలో తప్పింది నా ముక్కు… కొట్టుకో. ఒక పలక పోయింది, ఇంకా మూడున్నాయి. టేకు తలుపు, నా చేతి పని. నీ తాతొచ్చినా కూలదు.

కోడలా?… బతికే ఉంది. కొయ్యసుత్తితో కొట్టావుగా, తల పగిలింది. తొమ్మిది కుట్లు… చచ్చిపోలేదురా! ఒట్టు. ఆసుపత్రి నుంచి ఇందాకే మాట్లాడింది. "ఆయన చెయ్యి కూడా తెగింది, చూడండి మావయ్యా" అంది. అదీ దాని వరస.

చెయ్యి ఎలా ఉంది?… కారుతోందా. చొక్కా చింపి గట్టిగా కట్టు… పళ్ళతో లాగు… ఆ, అలా.

చీమలు కనబడుతున్నాయా?… గోడ నిండానా… నాకూ కనబడ్డాయి.

ఎగతాళి కాదు. నీకప్పుడు ఆరేళ్ళు. ఇదే కొట్లో, ఇదే పాలిష్ స్పిరిట్, నీళ్ళు కలుపుకుని తాగేవాణ్ణి. ఓ రోజు మానేశా. మూడోనాటికి చీమలు. మీ అమ్మ వీపు మీద మచ్చ, పొయ్యి దగ్గర కాలిందన్నాం కదా… కాలలేదు. ఉలితో పొడిచా. దయ్యమనుకున్నా.

…తిట్టు. బాగా తిట్టు. సిగ్గుపడి దాచా. చెప్పుంటే, నీకీ గతి పట్టకముందే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు.

మొన్న నీ స్పిరిట్ డబ్బాలు కాలవలో పారబోసింది కూడా నేనే. నేను మానలేదా, వీడికేం రోగం అనుకున్నా… రోగమేనట. ఇందాక ఫోన్లో డాక్టరమ్మ నన్ను కడిగేసింది. ఏళ్ళ తరబడి తాగినవాడికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందట. మందులిచ్చి, పక్కన కూర్చుని మాన్పించాలట… పిచ్చి కాదురా. తగ్గుతుందంది.

ఆ చప్పుడా?… నేనే. తలుపుకి మూడు బందులు కదా, ఒకదాని శీల ఊడదీశా. బందులు బయటికెందుకు పెట్టావని అడిగేవాడివి చూడు, మీ అమ్మ పెట్టించింది. "మళ్ళీ లోపల గడియ పెట్టుకుంటే నేను ఊడబెరకాలి" అంది. ఆవిడ పోయినా ఏటా నూనె రాస్తూనే ఉన్నా… ఇదిగో, రెండోది—

వద్దు! వద్దు… పగిలిన పలకలోంచి కనబడుతోంది, ఉలి నీ గొంతు మీంచి తియ్యి. పెద్దోడా. తియ్యి నాన్నా… ఆఁ.

మూడోది ముట్టుకోను. చెయ్యి వెనక్కి తీశా… నేను లోపలికి దూకితే ఆ గొంతులే నిజమనుకుంటావు. గడియ నువ్వే తియ్యి… అంబులెన్సు సందు మొదట్లో ఉంది. నేను చెయ్యి ఊపితేనే వస్తారు.

ముందు ఉలి. పగిలిన పలకలోంచి ఇవతల పడెయ్… పడింది. బాడిసె కూడా… అబ్బ! సరిగ్గా కాలి మీదే వేశావు కదరా వెధవా…

నవ్వావా? నవ్వావు, విన్నాను.

భయమా… నాకూ భయమే. పొద్దున నువ్వు విరగ్గొట్టిన ఎడమ చెయ్యి లేవట్లేదు. ఫోను భుజంతో నొక్కిపట్టి కూర్చున్నా…

అదిగో… గడియ కదిలింది. ఇంకాస్త పైకి లాగు… ఆ…

ఉండు, తూలుతున్నావు. నాకున్నది ఒక్క చెయ్యి. ఫోను కింద పెట్టేస్తున్నా—