బావ పెట్టిన వేలు

ఓబులేసు అని ఒకాయప్ప, మా ఎదురిల్లే. ఆయప్పకు వార్తలంటే ఎంత పిచ్చంటే, పొద్దున్నే పళ్ళపొడి నోట్లో వేసుకోని ఒక చేత్తో పళ్ళు తోముతాడు, ఇంకో చేత్తో ఫోను తోముతాడు. నవ్వద్దండి, చూసేదానికి తోమినట్టే ఉంటాది, బొటనేలు పైకీ కిందికీ పోతానే ఉంటాది. యాడో డ్రైవరు లేని కారంట, యాడో చంద్రుడి మీద ఇల్లు కడతారంట, ఇంకెవడో చీమంత కెమెరా చేసినాడంట, ఏది కనపడితే అది తీసుకొచ్చి మా ఊరి గ్రూపులో పారేస్తాడు. వాట్సాప్ గ్రూపు అబ్బీ, రీచార్జి అంగడి మారుతి పెట్టినాడు, ఊరంతా దాంట్లోనే ఉంది. నాది బటన్ల ఫోను, నాకు రాదు. మా కోడలు చపాతీలు ఒత్తుతా చదివి వినిపిస్తాది. అందుకే నాకు అన్నీ తెలుసు, కానీ కొంచెం పిండి అంటుకోని తెలుసు అనుకో.

ఈ ఓబులేసుకు ఒక బావ. చెన్నకేశప్ప అని, ఓబులేసు అక్క సుంకులమ్మ మొగుడు. ఈయప్ప ఎట్లాంటోడంటే, ఏ వార్త వచ్చినా ముందు నమ్మడు. రాయడం ఆయప్ప చేత కాదు, మైకు బొమ్మ ఒత్తిపట్టి మాట్లాడి పంపిస్తాడు, ఆ మాటల ఎనకాల కోడి కూత, ఎద్దు గంట, సుంకులమ్మ తిట్లు అన్నీ వినపడతాయి. బామ్మర్ది వార్త పెట్టడం, బావ దాన్ని పీకడం, ఊరంతా అటు కొందరు ఇటు కొందరు చేరి మాటలు విసరడం. పొద్దు పోని ఊరికి అదే సినిమా. వాదన గ్రూపులోనే. బయటికొస్తే బావా బామ్మర్దీ ఒకే అంగట్లో ఒకే టీ రెండు గ్లాసులు చేసుకోని తాగేవాళ్ళు. ఇద్దరి చేలూ పక్కపక్కనే, మధ్య గట్టు మీద ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. పొద్దున పూట నీళ్ళు బావవి, మధ్యాన్నం మీద బామ్మర్దివి, అది వాళ్ళ వంతు. ఆ వంతు తప్పిన రోజు నేనైతే చూడలేదు.

ఆ బోరు సంగతి ఒకటి చెప్పాల, అది తెలియకుంటే కథ ముందుకు పోదు. ఆ మోటరుకు ఒక డబ్బా పెట్టించినారు, ఓబులేసే పట్టుబట్టి మారుతితో పెట్టించినాడు. ఆ డబ్బాలో సిమ్ము ఉంటాదంట. ఇంట్లో కూచోని దానికి ఫోను చేసి ఒకటి నొక్కితే మోటరు తిరుగుతాది, రెండు నొక్కితే నిలబడతాది. ఎవురో ఆడమనిషి గొంతుతో ‘మోటరు ఆన్ అయినది’ అని చెప్తాది కూడా. మేమంతా మోటరక్క అంటాం. చెన్నకేశప్ప నిద్ర లేచి పెండ్లాంతో కంటే ముందు మోటరక్కతోనే మాట్లాడతాడు అని సుంకులమ్మ దెప్పుతా ఉంటాది. అయితే ఆ మోటరక్క అందరి మాటా వినదు. దాంట్లో రెండు నంబర్లే ఎక్కుతాయంట, ఒకటి ఓబులేసుది, ఇంకొకటి చెన్నకేశప్పది. ఇంకెవురు ఫోను చేసినా పలకదు.

సరే, ఏమైందంటే, ఒకనాడు ఓబులేసు ఒక వార్త పెట్టినాడు. యాడో దూరదేశంలో ఒక యంత్రాన్ని మంత్రిని చేసినారంట! నిజమో అబద్ధమో నాకు తెలియదు, పెట్టినాడు. కింద ఏం రాసినాడంటే, మన పంచాయతీకి కూడా ఇట్లాంటిదే ఒకటి కావాల, దానికి కడుపు లేదు కాబట్టి లంచం తినదు, దానికి కొడుకులు లేరు కాబట్టి కాంట్రాక్టు ఎవురికీ ఇయ్యదు, దానికి కులం లేదు, నిద్ర లేదు, ఎలక్షన్లలో మందు పోసే పని లేదు, అని. ఇంక చూడు, గ్రూపు గ్రూపంతా పొంగింది. ఒకడంటాడు, కరెంటు పోతే మంత్రి పడుకుంటాడా అని. ఇంకోడంటాడు, ఇప్పుడుండేవాళ్ళు కరెంటు ఉన్నా పడుకోనే ఉన్నారు కదా అని. పింఛను కోసం పోతే అది నన్ను గుర్తుపడతాదా అని ఒక ముసలామె మనవడితో రాయించి అడిగింది. నాకు కూడా అదే అనిపించింది, దానికి మొహాలు తెలుస్తాయా, తెలిస్తే మొహమాటం కూడా తెలియాల కదా?

అప్పుడు చెన్నకేశప్ప మైకు ఒత్తినాడు. మా కోడలు వినిపించింది నాకు, ఎద్దు గంటతో సహా. ‘ఓబులేసూ, కడుపు లేదు సరేనప్పా, ఒప్పుకుంటా. కానీ అది ఎవురి మాట వింటాది? నంబరు ఎక్కించుకున్నోడి మాట వింటాది. మన మోటరు డబ్బానే చూడు. నీ మాట వింటాది, నా మాట వింటాది. చేలో కలుపు తీసేది మీ అక్క, మీ అక్క ఫోను చేస్తే పలుకుతాదా? యంత్రం మంచిదే. దాంట్లో ఎవురి నంబర్లు ఉన్నాయో అది అడగాల’ అన్నాడు. ఓబులేసుకు జవాబు దొరకలేదు. దొరకనప్పుడు మనిషి ఏం చేస్తాడు? పొడుగ్గా రాస్తాడు. ఎంత పొడుగు రాసినాడంటే మా కోడలు మధ్యలో ఆపేసి చపాతీ తిప్పుకోవాల్సొచ్చింది. ఆ పొడుగు చూసి మారుతికి దుడుకు పుట్టింది. ‘ఓబులేసన్న తలకాయ తీసి ఆడ యంత్రం పెడితే సరిపోతాది, ఎట్లాగూ లోపల జాగా ఖాళీగానే ఉంది కదా’ అని రాసినాడు. రాసినాడా, ఊరంతా నవ్వు బొమ్మలు పెట్టినారు. నవ్వు బొమ్మలు ఓబులేసుకు లెక్కలేదు, అలవాటే. కానీ ఆ మాట కింద ఒక బొటనేలు వచ్చి నిలబడింది. పచ్చగా, నిట్టనిలువుగా. ఎవురిదయ్యా అని చూస్తే, బావది.

ఓబులేసు తింటా ఉన్న సంగటి ముద్ద అట్లే వదిలేసి మా అరుగు మీదికొచ్చి కూచున్నాడు. ‘పెద్దమ్మా, బయటోడు అంటే తుడుచుకోని పోతా. బావ వేలు పెట్టినాడు’ అన్నాడు. నేను భయపడి, యాడ పెట్టినాడు నాయనా, కంట్లోనా అని అడిగినా. ‘కంట్లో పెట్టినా బాగుండు. ఊరంతా చూస్తా ఉంటే, నా తలకాయ ఖాళీ అన్న మాట కింద, అవును అని వేలు పెట్టినాడు’ అన్నాడు. అట్లంటే ఏమి నాయనా, వేలు పెడితే అవును అనా అర్థం? ‘అంతే పెద్దమ్మా, లోకమంతా అదే అర్థం’ అన్నాడు. అప్పుడే, నా ముందరే, గ్రూపులోంచి బయటికి పోయినాడు. పోతే పోయినాడు అని కూడా అందరికీ కనపడతాదంట. చూడు ఎంత సిగ్గులేని ఏర్పాటో, అలిగి పోయేదానికి కూడా దండోరా.

మరుసటి రోజు పొద్దున చెన్నకేశప్ప మోటరక్కకు ఫోను చేసినాడు. ఆన్ అయినది అనింది. చేనుకు పోయి చూస్తే మోటరు ఆగిపోయింది. మళ్ళా చేసినాడు, మళ్ళా ఆన్ అయినది, మళ్ళా ఆగింది. కరెంటు బాగలేదేమో అనుకున్నాడు పాపం. ఓల్టేజి అనుకున్నాడు, వైరు అనుకున్నాడు. చివరికి గట్టు మీద నిలబడి చూస్తే, ఆ పక్క చేలో ఓబులేసు, చెవికి ఫోను పెట్టుకోని రెండు నొక్కతా ఉన్నాడు. ‘ఏమప్పా, ఏం పని ఇది?’ అని అరిచినాడు. ‘ఖాళీ తలకాయకు ఇంతకంటే ఏం తోస్తాది బావా’ అని ఓబులేసు మొహం తిప్పుకున్నాడు. చెన్నకేశప్పకు ముక్కా అర్థం కాలేదు, కోపం మాత్రం అర్థమైంది. మధ్యాన్నం బామ్మర్ది వంతు వచ్చింది కదా, ఈయప్ప వేపచెట్టు కింద కూచోని తీరిగ్గా రెండు నొక్కినాడు. ఇంక అంతే. ఒకడు తిప్పేది, ఒకడు ఆపేది. మోటరక్కకు మాత్రం ఇద్దరూ సమానమే, ఎవురు ఆఖరున చెప్తే వాళ్ళ మాట వినేది, అదే గొంతుతో, విసుగు లేకుండా. నీళ్ళు కాలవలో సగం దూరం వచ్చేది, ఇంకిపోయేది. ఊరంతా గ్రూపులో దీని గురించే. కొందరు ఇదే మంచి మంత్రి లక్షణం అన్నారు కూడా.

నవ్వుకునే మాటలు నవ్వుకోని పక్కన పెట్టండి. ఆ రెండు చేలల్లోనూ చెనక్కాయ. పూత పూసి ఊడలు దిగే టైము. మీకు తెలుసు కదా, ఊడ నేలలోకి దిగితేనే కాయ. నేల గట్టిపడితే ఊడ గాల్లోనే ఎండిపోతాది, పైన ఆకు పచ్చగానే ఉంటాది, కింద ఏమీ ఉండదు. వాన లేదు. సుంకులమ్మ ఆ చేలో వొంగి వొంగి కలుపు తీసిన మనిషి. మొగుడికి చెప్పింది, వాడు మొదలుపెట్టినాడు అన్నాడు. తమ్ముడికి చెప్పింది, బావను అడుగు ఏం వేలు పెట్టినాడో అన్నాడు. తానే బోరు దగ్గరికి నడిచిపోయి పచ్చ బటను నొక్కింది. మడి దగ్గరికి తిరిగొచ్చేలోపల ఆగిపోయింది, మొగుడు ఆపినాడో తమ్ముడు ఆపినాడో కూడా తెలియదు. ఆ కోపంలో తన ఫోను తీసి మోటరక్కకే చేసిందంట. మోగింది, మోగింది, పలకలేదు. ‘నా చేనుకు నేనెవురినే?’ అని ఆ డబ్బాను ఒక్క దెబ్బ కొట్టి ఇంటికొచ్చింది.

అట్లుండగా బియ్యం ఇచ్చే రోజు వచ్చింది. అందరం వరసలో ఉన్నాం. చెన్నకేశప్ప ముందర, పక్కన సుంకులమ్మ, బాగా ఎనకాల ఓబులేసు, మొహం గోడ పక్కకు పెట్టుకోని. డీలరు మిషను ముందుకు తోసి వేలు పెట్టు అన్నాడు. చెన్నకేశప్ప పెట్టినాడు, పడలేదు. చేలో పనిచేసి చేసి గీతలరిగిపోయినాయి. తలకాయకు రుద్దుకోని మళ్ళా పెట్టినాడు, పడలేదు. అప్పుడు మారుతిగాడు నోరు ఊరుకోక, ‘చెన్నకేశన్నా, గ్రూపులో అయితే నీ వేలు ఒక్కసారికే టక్కున పడతాది, ఈడ ఏమైంది?’ అన్నాడు. అందరూ నవ్వినారు. చెన్నకేశప్ప నవ్వలేదు. ‘ఏం చేసేదిరా, ఈడా పెట్టాల, ఆడా పెట్టాల. పెట్టకుంటే పేరు తీసేస్తారు కదా’ అన్నాడు.

‘ఈడ సరేనన్నా, గ్రూపులో ఎవురు తీసేది?’ అన్నాడు మారుతి. ‘నువ్వేరా. నువ్వే కదా దానికి పెద్ద. మనిషి వచ్చినాడా, చూసినాడా అని నీకు తెలియద్దా? అందుకే వచ్చిన ప్రతిదాని కిందా పెట్టేస్తా’ అన్నాడు. మారుతికి నవ్వు ఆగిపోయింది. ‘ప్రతిదాని కిందా?’ ‘ప్రతిదాని కిందా. చదవడం యాడొస్తాది నాకు? ఓబులేసు వార్తలైతే ఈయమ్మ చదివి చెప్తాది, మిగతావాటికి వేలు పెట్టి పక్కకు పోతా.’

ఎనకాల ఓబులేసు గోడ పక్కనుంచి మొహం ఇటు తిప్పినాడు. అది చూసింది సుంకులమ్మ. మొగుడి జేబులో ఫోను లాగింది, పైకి పైకి తోసుకుంటా పోయింది, తమ్ముడి దగ్గరికొచ్చి మొహం ముందర పెట్టింది. ‘చదువు’ అనింది. అమ్మ పోయిన రోజు మారుతి గ్రూపులో పెట్టిన మాట అది, వాళ్ళమ్మ కాలం చేసింది అని, పక్కన ఆమె ఫోటో. కింద దండం బొమ్మలు, ఏడుపు బొమ్మలు. వాటి మధ్యలో ఒక బొటనేలు. పచ్చగా, నిట్టనిలువుగా. ‘ఎవురిదో చూడు. ఆ రోజు పాడె ముందు కొమ్ము మోసింది ఎవురు? నువ్వు పడిపోతే పట్టుకున్నది ఎవురు? ఇంటికొచ్చి స్నానం చేసి ఈ వేలు పెట్టింది కూడా ఆయప్పేరా. అమ్మ చచ్చిపోతే అవును బాగుంది అన్నాడా మీ బావ?’

ఓబులేసు ఆ ఫోను చాలాసేపు చూసినాడు. అమ్మ ఫోటో చూసినాడో, వేలు చూసినాడో. తర్వాత వరస దాటి ముందుకొచ్చినాడు. ‘బావా, అయితే నా తలకాయ ఖాళీ కాదంటావా?’ అన్నాడు. చెన్నకేశప్పకు అప్పుడు తెలిసింది సంగతంతా. తెలిసి కూడా ఏమన్నాడో చూడండి. ‘అది వేరే విషయం ఓబులేసూ. దాని మీద నేనింకా వేలు పెట్టలేదు’ అన్నాడు. ఇంక ఇద్దరూ ఒకటే నవ్వు. డీలరు నవ్వు, మారుతి నవ్వు. ఆ సందట్లో మిషను మీద వేలు కూడా పడిందంట, చెమట పట్టిందేమో మరి!

నవ్వనిది ఒక్క సుంకులమ్మే. ‘నవ్వండి, బాగా నవ్వండి. ఆడ ఊడలు ఎండిపోతా ఉన్నాయి’ అనింది. ‘మారుతీ, ఆ డబ్బాలో నా నంబరు ఎక్కించు’ అనింది. మారుతి మెల్లగా, ‘అక్కా, దాంట్లో రెండే పడతాయి, నీది ఎక్కాలంటే ఒకటి తీయాల. ఎవురిది తీసేది?’ అన్నాడు. బావ బామ్మర్దిని చూసినాడు, బామ్మర్ది బావను చూసినాడు. నాది తీయ్ అని ఇద్దరిలో ఒక్కడు అనలేదు, అప్పుడే కదా కలిసింది, అయినా అనలేదు. సుంకులమ్మ ఇద్దరినీ చూసి, ‘రెండూ తీసేయ్’ అనింది. మారుతి చెన్నకేశప్ప ఫోను తీసుకోని, దాంట్లోంచి ఆ డబ్బాకు మెసేజి కొట్టి, రెండూ తీసేసి ఆయమ్మది ఎక్కించినాడు. ఆడనే, బియ్యం బస్తాల పక్కనే నిలబడి ఆయమ్మ ఫోను చేసింది. మోగింది. ఒకటి నొక్కింది. ‘మోటరు ఆన్ అయినది’ అని మోటరక్క ఆయమ్మతో మొదటిసారి మాట్లాడింది. ఆ పొద్దు రెండు చేలూ కొస దాకా తడిసినాయి. కొసన ఉండే సాళ్ళు మాత్రం లేవలేదు, అవి పోయినట్టే. మిగతా సాళ్ళల్లో ఊడలు దిగినాయి.

సాయంత్రం ఓబులేసు మళ్ళా గ్రూపులోకి వచ్చినాడు. వచ్చి, ఇంక మా బోరు మా అక్క చేతిలో, నాకు నీళ్ళు కావాలన్నా ఆయమ్మనే అడగాల, ఇది అందరి ముందరా చెప్తా ఉన్నా, అని రాసినాడు. దాని కింద మొట్టమొదట చెన్నకేశప్ప బొటనేలు. ఇప్పుడు అందరికీ అనుమానమే కదా, ‘బావా, ఈ వేలు చూసినా అనా, సరే అనా?’ అని ఓబులేసు అడిగినాడు. చెన్నకేశప్ప మైకు ఒత్తినాడు. ‘రెండూ కాదప్పా, మీ అక్క పక్కనే కూచోని పెట్టమనింది’ అన్నాడు. ఎనకాల సుంకులమ్మ నవ్వు వినపడింది, ఎద్దు గంట కంటే గట్టిగా.

అదీ అబ్బీ సంగతి. ఇప్పుడు కూడా రోజూ కొట్టుకుంటానే ఉన్నారు, నిన్న ఇంకేదో గాల్లో తిరిగే దీపం అంట. మంత్రి యంత్రం మాట మాత్రం ఎవురూ తేల్చలేదు. నాకైతే అది మంచిదో చెడ్డదో తెలియదు. నువ్వు చదువుకున్నోడివి, ఇవన్నీ రాసుకుంటా ఉన్నావు కదా, యాడన్నా కనుక్కోని నాకు ఒక్క మాట చెప్పు. ఆ దూరదేశంలో ఆ డబ్బాలో ఎన్ని నంబర్లు పడతాయి? ఎవురెవురివి ఎక్కించినారు? ఆ ఊళ్ళో కలుపు తీసే ఆడమనిషి ఫోను చేస్తే అది పలుకుతాదా?