వంక అవతలి పొగ

కొర్ర కంకుల తల్లీ కొండెక్కి పోతివా
కొండెక్కి పోయి మా కొట్టాలు మరిస్తివా

ఆ పైన ఇంకా ఏందో ఉంది, రావడం లేదు. దంచేటప్పుడు పాడే పాట అది, రోకలి ఎత్తితే ఒక మాట, దించితే ఒక మాట. నా చిన్నప్పుడు మా మేనత్త పాడుతుంటే నోరు తెరుచుకోని వినేదాన్ని. మూడో చరణంలో వన్నూరమ్మ పేరు వస్తాది, అంతవరకే జ్ఞాపకం. పాట పోయినా కత మాత్రం పోలేదు.

వన్నూరమ్మ అని ఒకామె ఉండేదంట. కానుగమిట్ట అని పదకొండిళ్ళ పల్లె, ఆ పల్లెకు ఎక్కడో దూరం నుంచి కోడలుగా వచ్చింది. ఆ పల్లెలో ఒక కట్టడి ఉండేది. ఏమంటే, కోతలైనాక ప్రతి ఇంటివాళ్ళూ మంచి మంచి కంకులు ఏరి, కట్టలు కట్టి, అన్నీ తెచ్చి ఒక్క ఇంట్లోనే పొయ్యి పైన దూలానికి వేలాడగట్టేవాళ్ళు. వచ్చే యేటికి ఇత్తనం అదే. ఎవరిది వాళ్ళింట్లో ఉంటే ఏమైతాది, కరువొస్తే వండుకోని తినేస్తారు. ఆకలికి ఇది ఇత్తనం, ఇది తిండిగింజ అని తెలుస్తాదా? అందుకని ఒకరి దగ్గరే పెట్టేది. ఆ ఒకరు కూడా ఊర్లో అన్నా తమ్ముడూ ఎవరూ లేని కోడలై ఉండాల, అప్పుడే ఎవరి పక్కా వాలదని. ఆమె పనేందంటే, రోజూ తెల్లారేసరికి పొయ్యి రాజేసి, పిడకల మీద రోంత వేపాకు వేసి, ఆ కట్టలకు పొగ పెట్టాల. పొగ తగలకుంటే పురుగు పడతాది. ఇంట్లో వండేదానికి ఉన్నా సరే లేకున్నా సరే, పొగ మాత్రం లేవాల. ఇంకోటి కూడా ఉంది, మళ్ళా వాన పడి నేల పదునై ఇత్తేవరకూ ఆ ఇత్తనం పొలిమేర దాటకూడదు, దాన్ని వదిలి ఆమె ఒక్క రాత్రి కూడా ఇంకో చోట పడుకోకూడదు. ఆ యేడు ఆ పని వన్నూరమ్మ మీద పడింది.

ఏమైందంటే, ఆ యేడు వాన రాలేదు. పోనీలే వచ్చే యేడు వస్తాదనుకున్నారు, ఆ యేడూ మొగం చాటేసింది. ముందర గొడ్లు పోయినాయి, తరువాత మనుషులు మూటలు కట్టినారు. కాలవలున్న సీమకు పోదాం, ఆడ ఏదో ఒక కూలి దొరుకుతాది, తొలకరికి తిరిగొస్తాం అని ఒకరెనక ఒకరు బయల్దేరినారు. వన్నూరమ్మ మొగుడు ఎర్రిస్వామి కూడా మూట కట్టినాడు. నువ్వు కూడానా అనింది ఆమె. నేనుంటే తినే నోరు ఇంకోటి కదే, ఇంట్లో ఉన్న పిండి నీకొక్కదానికైతే రోంత ఎక్కువ దినాలు వస్తాది అన్నాడు. "అయితే ఇంత ఊర్లో నేనొక్కదాన్నే దయ్యం మాదిరి ఉండాలనా?" "దయ్యానికైనా తోడుంటాదే, నీకు అదీ లేదు" అని నవ్వబోయి, నవ్వు రాక, తలగుడ్డ సవరించుకోని పోయినాడంట. తిరిగి చూడలేదు. చూసుంటే పోయేవాడు కాదేమో, మొగోళ్ళు అంతే.

ఇంక ఊర్లో ఆమె ఒక్కతే. ఒక గంపలో రాగిపిండి, ఒక ముంతలో చింతగింజలు, బాయి అడుగున రోంత నీళ్ళు. రెండు దినాలు బాగానే ఉండింది, మూడో దినం నుంచి తన గొంతు తనకే వినపడక భయం పట్టుకుంది. మాట్లాడేదానికి ఎవరున్నారు? దూలానికి వేలాడే కట్టలున్నాయి. ఏ కట్ట ఎవరిదో ఆమెకు ముడిని బట్టి తెలుసు. పొద్దున పొగ పెడతా వాటినే పలకరించేది. "ఏమ్మే గంగులక్కా, నీ మొగుడు పోయినేడు నా మేకను కర్రతో కొట్టినాడు కదా, నీకు ఈ పొద్దు పొగ తక్కువ పెడతా, చూడు" అనేది. మళ్ళా తనే జాలిపడి ఆ కట్ట కిందికి ఇంకొక పిడక జరిపేది. కట్ట ఏం పలుకుతాది? పలకదు. మీరే చెప్పండి, మనం పిలిస్తే ఊ అనేవాళ్ళు లేకపోతే ఇల్లు ఎంత పెద్దదైపోతాదో.

అట్ల ఉండంగ ఒక పొద్దున వాకిలి ఊడ్చేదానికి బయటికొచ్చింది. ఊరికి తూర్పున ఒక ఎండిపోయిన వంక, దాని అవతల రాళ్ళ గుట్ట. ఆ గుట్ట పక్కనుంచి సన్నగా ఒక పొగ లేస్తాంది. కళ్ళు తుడుచుకోని చూసింది, పొగే. చీపురు కింద పడేసి అట్లనే నిలబడింది. మన పెద్దోళ్ళు అంటారు కదా, ఇంట్లో ఏమీ వండకపోతే పొయ్యిలో పిల్లి లేవలేదని. ఆ గుట్ట పక్కన ఎవరింట్లోనో పిల్లి లేచింది! ఎవరో ఉన్నారు, వండుకుంటున్నారు, తింటున్నారు. ఆ దినమంతా ఆమెకు నీళ్ళు కూడా తియ్యగా ఉండినాయంట.

మరుసటి దినం ఈమె పొగ పెట్టి బయటికొచ్చి చూస్తే, కాసేపటికి అవతల కూడా లేచింది. ఆ పై దినం కూడా. అప్పటినుంచి ఆమెకు అదొక ఆట. పొగ దట్టంగా ఉంటే ఈ పొద్దు సంగటి కెలుకుతున్నారు అనుకునేది. పలచగా ఉంటే ఉలవలు ఉడకబెడుతున్నారు అనుకునేది. ఒక దినం రోంత ఆలస్యమైతే, "ఏం నిద్రమ్మా మీది, పొద్దెక్కింది" అని ఈ పక్కనుంచే తిట్టింది. కడుపులో కుళ్ళు లేకుండా కాదు, ఉండింది. నేను గంజినీళ్ళు తాగుతుంటే వాళ్ళకు సంగటా అని ఉండింది. అయినా ఆ పొగ లేవకుంటే మాత్రం ఆమె ప్రాణం కుదురుగా ఉండేది కాదు. పోయి చూద్దామా అంటే, ఇత్తనాన్ని వదిలి పోయేదానికి భయం.

పిండి ఎన్ని దినాలొస్తాది? గంప అడుగు కనపడింది. చింతగింజలు వేయించి నమిలింది, అవీ అయిపోయినాయి. రెండు దినాలు ఉత్త నీళ్ళు. మూడో దినం పొద్దున పొయ్యి రాజేసి పైకి చూసింది. కట్టలు నిండుగా, బంగారం మాదిరి వేలాడుతున్నాయి. పీట వేసుకోని ఎక్కి ఒక కట్ట దించింది. తన కట్టే, తన ముడే. నాదే కదా, నేను తింటే ఎవరేమంటారు అనింది పైకే. ఒక కంకి లాగి అరచేతిలో నలిపింది, ఊదింది. పిడికెడు కూడా లేవు గింజలు. నోటి దాకా తీసుకోనిపోయింది. అప్పుడు ఆమెకు ఏమనిపించిందంటే, ఈ పొద్దు నాది తింటా, రేపు గంగులక్కది, ఎల్లుండి ఇంకొకరిది. వాళ్ళు తొలకరికి వచ్చి చేతులు చాపితే ఏం పెట్టేది? చెయ్యి దించింది. దించి, వాకిట్లోకి వచ్చి చూస్తే అవతల పొగ. ఛీ, నా బుద్ధి, అంత దగ్గర వండుకునే ఇల్లుండంగ ఇత్తనం తినబోతినా, గంజి అడుక్కుంటే తప్పేముంది అని, గింజలు గుడ్డలో ముడేసి కట్టలోనే దోపి, ముంత చేతపట్టుకోని బయల్దేరింది. పొద్దు వాలేలోపల తిరిగొస్తే కట్టడి తప్పినట్టు కాదులే అనుకుంది.

వంక దాటి గుట్ట ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మినాయి. చూస్తే ఏముంది, ఒక గుడిసె, గుడిసె ముందర మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి పక్కన ఒక ముసలామె. తిమ్మక్క ఆమె పేరు. పొయ్యిలో చితుకులు, చితుకుల మీద పచ్చాకు, బుసబుస పొగ. పైన కుండ లేదు.

"అవ్వా, రోంత గంజి ఏమన్నా ఉంటే..." అని ముంత చాపింది వన్నూరమ్మ.

ముసలామె ఆ ముంత చూసింది, మనిషిని చూసింది, పళ్ళులేని నోటితో ఒకటే నవ్వు. "వంక అవతలి పొగ నువ్వేనామ్మే? ఓసి నీ పాసుగూల, మూడు దినాలనుంచి కాళ్ళు కూడదీసుకుంటున్నా, నీ ఇంటికొచ్చి గంజి అడుగుదామని!"

వన్నూరమ్మకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. అక్కడే కూలబడి, నాది వంట పొగ కాదవ్వా, ఇత్తనానికి పెట్టే పొగ, నీ పొయ్యి మీద కుండే లేదే, మరి నువ్వెందుకు రాజేస్తావు అనింది. "కొడుకులు గొర్రెలు తోలుకోని మేతకు పోయినారు, నడవలేనని నన్ను ఈడ పెట్టి. వాళ్ళు పెట్టిపోయిన గింజలు అడుగంటినాక ఇంక లేవకుండా పడుకుందాం అనుకున్నా. ఒక పొద్దున చూస్తే అవతల నీ పొగ. ఎవరో పిలిచినట్టనిపించింది. పిలిస్తే పలకకుండా ఉంటే మర్యాదనా? మిగిలిన గింజలు దినానికి పిడికెడు నమిలి నేనూ పొగ లేపినా, మూడు దినాల కిందట అవీ అయిపోయినాయి" అనింది తిమ్మక్క. చూసినారా, ఈమె ఆమె తింటాందని, ఆమె ఈమె తింటాందని, ఇద్దరూ అన్ని దినాలు బతికినారు.

"ఇత్తనం ఎంతుంది?" అని అడిగింది ముసలామె. పదకొండిళ్ళకు సరిపడేది అంటే, పొయ్యిలోకి ఇంకో చితుకు ఎగదోసింది. ముసలి ప్రాణం, అడిగితే లేదని ఎట్ల అనేది అనుకుంది వన్నూరమ్మ. తిమ్మక్క అడగలేదు. "గుట్ట వెనకాల అడవి గడ్డలున్నాయి. నాకు చోటు తెలుసు, కాళ్ళు లేవు. నీకు కాళ్ళున్నాయి, చోటు తెలీదు. ఎత్తుకుంటావా నన్ను?" అనింది.

ఎత్తుకుంది. తినక ఆమె ఎంత బరువుంటాది, గడ్డివాము కింది కోడిపిల్లంత. వీపున మోసుకోని పోతాంటే పైనుంచి ఒకటే సతాయింపు. "ఎడమకు మ్మే! గొర్రె మాదిరి తిన్నగా పోతావేంది! ఆ తీగ ఎండింది కదా, దాని మొదట్లో తవ్వు. అంత పైపైన కాదు, నీ మొగుడికి బువ్వ కూడా ఇట్లనే పెడతావా?" మోచేతి లోతు తవ్వితే నల్లటి గడ్డ చిక్కింది. గుడిసె పక్క చెలమ నీళ్ళతో మూడుసార్లు ఉడకబెట్టి మూడుసార్లు నీళ్ళు వంపితేగాని గొంతు దురద పోదు. ఉప్పు లేదు, కారం లేదు. అయినా ఇద్దరూ వేళ్ళు నాక్కుంటా తిన్నారు.

మా ఇంటికి రా అవ్వా అనింది వన్నూరమ్మ. నా కొడుకులు వచ్చి ఈడ చూస్తే నేను లేకుంటే చచ్చినాననుకుంటారు, రాను అనింది తిమ్మక్క. ఈమె కూడా ఇత్తనాన్ని వదిలి ఉండేదానికి లేదు. కాబట్టి ఎవరి పక్క వాళ్ళే. దినం మార్చి దినం ఈమె వంక దాటేది, ముసలామెను ఎత్తుకునేది, తవ్వేది, ఉడకబెట్టుకునేది, పొద్దు వాలకముందే తిరిగొచ్చేది. రానిదినం పొగతోనే పలకరింత. అట్ల రెండు నెలలు.

ఒక దినం గడ్డలు ఉడుకుతుంటే పడమర నల్లగా కమ్మింది, మట్టివాసన వచ్చింది. పెద్ద పెద్ద చినుకులు రెండు పొయ్యి రాయి మీద పడి చుయ్యిమన్నాయి. వన్నూరమ్మ తిరిగొచ్చేసరికి వాన పట్టుకుంది, ఇంక వంక నిండుగా పారింది. ఆరు దినాలు అవతల ఏమీ కనపడలేదు, ఉత్త వానతెర. ఏడో దినం మనుషులు తిరిగొచ్చినారు, ఎర్రిస్వామి కూడా. ఎవరి ముడి వాళ్ళు చూసుకోని కట్టలు విప్పినారు. ఒక్క గింజకు పురుగు లేదు. గంగులక్క ఆమెను కౌగలించుకోని ఏడ్చిందంట, మేక సంగతి ఎవరూ ఎత్తలేదు. పదకొండిళ్ళ చేలలో ఇత్తనాల గొర్రు పారింది.

నీళ్ళు తగ్గినాక వన్నూరమ్మ ఇత్తగా మిగిలిన గింజలు దంచి, ఆ కొర్రపిండి మూట కట్టుకోని వంక దాటింది. గుడిసె ఉంది, పొయ్యి రాళ్ళు ఉన్నాయి, మనిషి లేదు. కొడుకులొచ్చి పిలుచుకోని పోయినారని కొందరంటారు. కొందరు వేరేది చెప్తారు. నేను చూసినదాన్ని కాదు, తెలీంది చెప్పను. వన్నూరమ్మ ఆ రాళ్ళ దగ్గరే చాలాసేపు కూర్చుందంట. ముసలిదైనాక కూడా వాన మొదలైతే చాలు, ఆ చినుకులు పడిన దినం ముసలామె తనను ఎట్ల తోలిందో చెప్పుకునేదంట. ఇంకా కాసేపు ఉంటాలే అవ్వా అని తను మొండికేస్తే, తిమ్మక్క భుజం మీద చెయ్యేసి నెట్టి, "పోమ్మే, వంక పారితే ఈ పక్క చిక్కుకుంటావు. నువ్వు కూర్చున్న ఒక్క పూట నాకు నాలుగు పూటలకు వస్తాదిలే, పో" అనిందంట.