మూడో వరస కేక

కైరోలో సయ్యిదా జైనబ్ పేట. మిట్టమధ్యాహ్నం, సిరాజ్ ఇస్త్రీ కొట్టులోకి నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ వచ్చింది.

"ఇవాళ కుదరదమ్మా, బోలెడు బట్టలున్నాయి. రేపు రండి."

"బట్టలు తేలేదు సిరాజ్ బాబాయ్. నేను, బహీజాని."

"ఓరి దేవుడా! మీరా తల్లీ! ఈ బొగ్గుల పొగలోకి మీరు రావడమేంటి? కబురు పెడితే నేనే వద్దును కదా! కూర్చోండి. ఆ స్టూలు కాదు, దాని కాలు విరిగింది. ఇదిగో, ఇప్పుడే తెప్పించిన టీ, నేనింకా ముట్టలా. తాగండి."

"టీ సంగతి తర్వాత. మొన్న గురువారం నా కచేరీకి ఎందుకు రాలేదు?"

"కాలు... కాలు ఒకటే లాగుడు."

"చెప్తే కారు పంపేదాన్నిగా."

"జలుబు కూడానూ."

"కాలా, జలుబా?"

"రెండూనమ్మా. ముసలి ఒళ్ళు, దానికేం రోగాలకి కొదవ?"

"పందొమ్మిదేళ్ళు బాబాయ్! మూడో వరసలోంచి 'మళ్ళీ పాడు తల్లీ' అని మీరొక్క కేక వేస్తే హాలు హాలంతా అందుకునేది. ఒకే చరణం పదకొండుసార్లు పాడించారు ఓసారి, గుర్తుందా?"

"గుర్తులేకేం! చెప్పులు ఎక్కడ వదిలానో తెలీక వట్టికాళ్ళతో ఇంటికెళ్ళా. మా ఆవిడ తలుపు తియ్యలా."

"మొన్న మీరు లేరు. చరణం పాడి ఆగాను. కానూన్ తీగలు మీటే ఆయనా చెయ్యి ఎత్తి ఆగాడు. ఎవరూ అడగలేదు. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. గంటన్నర పాట ముప్పై నిమిషాల్లో అయిపోయింది. జనం కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు బాబాయ్."

"అయ్యయ్యో."

"అయ్యయ్యో అంటే సరిపోదు. వచ్చే కచేరీ కూడా ఇలాగే అయితే దాన్ని ప్రసారం చేసే రేడియోవాళ్ళు ఇంక నన్ను పిలవరు. మీరు రావాలి. మీ చేతులు పట్టుకుంటా."

"ఊరుకోండమ్మా, అంత మాటా! ఇంకెవర్నన్నా..."

"అరవడానికి మనుషుల్ని పెట్టుకునే ఖర్మ నాకింకా పట్టలేదు! నిజంగా వినేవాళ్ళు కావాలి నాకు. ఇంటికెళ్తే గోడలు తప్ప పలకరించే దిక్కు లేదు. మీ ఒక్క కేక కోసం నెలంతా ఎదురుచూస్తా. మీరు 'మళ్ళీ' అంటే ఇంకా బతికే ఉన్నాననిపిస్తుంది."

"ఒక్క నిమిషమమ్మా, ఈ బొగ్గులు ఆరిపోయేట్టున్నాయి."

"మాట మారుస్తారేం? నేను బాగా పాడట్లేదా?"

"అలా అని ఎవరన్నారు! టీ... టీ చల్లారిపోతోంది."

"దేవుడి మీద ఒట్టు, కోప్పడను. బాగాలేకపోతే పోయిన నెల నాలుగుసార్లు ఎందుకు అడిగారు?"

"వద్దమ్మా. వదిలెయ్యండి."

"చెప్పండి బాబాయ్."

"ఆ పై స్వరం మూడేళ్ళనుంచీ మీకు అందట్లేదు తల్లీ. ఈసారన్నా అందుకుంటారేమో, ఈసారన్నా అందుకుంటారేమోనని అడుగుతూ వచ్చా."